ప్రార్థనవేళ నెత్తిమీది కొంగు

దేవరగట్టు పేరు చెప్పగానే విజయదశమినాటి రాత్రి దివిటీల వెలుగు, కర్రల చప్పుడు, పగిలిన తలలు శ్రోతలకు జ్ఞప్తికి రావచ్చును. నేడు నేను మాటలాడబోవునదియు ఆ ప్రాంతమున చూచిన తలలను గురించియే. అయితే అవి ఆదివారము ఉదయమున ప్రార్థనకు వంగిన స్త్రీల తలలు, వానిమీద కప్పిన చీరకొంగులు.

రేడియో పనిమీద తిరుగలిపాటలను, కలుపుపాటలను సేకరించుటకై ఆ మధ్య ఆదోని, ఆలూరు, హొళగుంద ప్రాంతములలో కొన్ని దినములు తిరిగినాను. దేవరగట్టుకు కొలది మైళ్ళ దూరములోనున్న ఒక గ్రామమున, మాకు పాటలు పాడెదమని మాట ఇచ్చిన స్త్రీలు ఆదివారము ఉదయమున ఇండ్లలో లేరు. వారు క్రైస్తవులు, ఆ వేళకు ప్రార్థనాలయములో ఉన్నారు. నేనును అక్కడికే పోయినాను.

నాపరాళ్ళు పరచిన నేల. చెప్పులు గడప వెలుపల. పురుషులు కుడివైపున, స్త్రీలు ఎడమవైపున చాపలమీద కూర్చున్నారు. పురుషులు లోనికి వచ్చుచునే రుమాలలు విప్పి ఒడిలో పెట్టుకొనినారు. ప్రార్థింతము అన్న మాట వినబడగానే స్త్రీలందరి కుడిచేతులును ఒక్కమారు లేచినవి, కొంగులు నెత్తిమీదికి వచ్చినవి. నా ప్రక్కన కూర్చున్న అవ్వ నా మోకాలు తట్టి, "ఏమ్మా, సెరగు నెత్తిన ఏసుకోమ్మా, ప్రార్థన మొదలైతాంది" అని మెల్లగా చెప్పినది.

నా చేయి ఒక్క క్షణము ఆగినది. కారణము చెప్పవలెను. మాది కోస్తా జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబము. మా ఇంట గోడమీద మా ముత్తవ్వ చాయాపటము ఒకటి ఉండెడిది. ఆమె చిన్ననాడే భర్తను పోగొట్టుకొన్నది. ఆ పటములో ఆమె తల నిండ తెల్లని కొంగు కప్పుకొని ఉన్నది. మా ఇండ్లలో ముత్తయిదువ తలమీద కొంగు వేసికొనుట అశుభము. ఎండకు వేసికొన్నను పెద్దలు కసరుకొనెడివారు. గుడికి పోయినప్పుడు తలలో పూలుండవలెనే గాని తలమీద గుడ్డ ఉండరాదు. కాలేజీలో చదివి, రేడియోలో ఇన్నియేండ్లు పనిచేసి, ఆ శకునములను నేను విడిచినాననుకొంటిని. చేయి మాత్రము విడువలేదని ఆనాడు తెలిసినది. అయినను కొంగు వేసికొన్నాను. అవ్వ సంతోషించినది.

ఆదోని సీమలో ఈ మాట ఎవరికి చెప్పినను వింతగా చూచెదరు. అక్కడ ముత్తయిదువలే నెత్తిన సెరగు కప్పుదురు. మామగారు ఎదురైనను, ఊరి పెద్ద అరుగుమీద కూర్చున్నను, సంతలో పెద్దవారు కనబడినను సెరగు పైకి జరుగును. లింగాయతుల ఇండ్లలో ఇది మరింత నియమముగా జరుగును. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు బళ్ళారి జిల్లాలోనివే; అక్కడి వాడుకలలో సగము కన్నడదేశముతో పంచుకొన్నవే. "సెరగు" అన్న మాటయు కన్నడమున ఉన్నదే. మన "చెరగు"కు అది తోబుట్టువు. ఆదోనిలో సిద్ది మసూద్‌ఖాన్ 17వ శతాబ్దమున కట్టించిన జామా మసీదు ఇప్పటికిని నిలిచియున్నది. ఆ పట్టణపు ముస్లిము స్త్రీలును తల కప్పుకొనువారే. కాబట్టి క్రైస్తవ మతము వచ్చి ఆ సీమ స్త్రీలకు తల కప్పుకొనుట నేర్పినదనుట సరికాదు. వారు వేసికొను కొంగుకు ఒక క్రొత్త సమయము చూపినది.

ఆ సమయమున ఏమి జరుగునో ఆనాడు చూచినాను. అవ్వ లేచి నిలువబడి, కొంగు అంచును గడ్డము క్రింద పట్టుకొని, గట్టిగా ప్రార్థన చేసినది. వాన కొరకు అడిగినది. బెంగళూరికి కూలికి పోయిన మనుమని కొరకు అడిగినది. పాటల కొరకు ఇంతదూరము వచ్చిన "రేడియో అమ్మ" కొరకును అడిగినది. తరువాత ఆమె కోడలు లేచినది. కుడివైపున ఆమె మామగారు కూర్చుండియున్నారు. ఇంట ఆయన ఎదుట ఆమె పెదవి విప్పుట నేను రెండు దినములలో ఒక్కమారును చూడలేదు. ఏమైన చెప్పవలెనన్న బిడ్డచేత చెప్పించుచుండెను. ఇక్కడ అదే చీర, అదే సెరగు. కాని గొంతు ఆలయము నిండినది. అప్పు తీరవలెనని, ఇంట తాగుడు మానవలెనని ఆమె దేవునితో చెప్పినది. ఎవరి తాగుడో చెప్పలేదు, చెప్పనక్కరయు లేదు. మామగారు "ఆమెన్" అన్నారు.

ఇంతలో ఒక చిన్నది లేచినది. కర్నూలులో నర్సు చదువు చదువుచున్న పాప, అవ్వకు మనుమరాలు. చుడిదారు తొడుగుకొన్నది, చున్నీ లేదు. "ప్రభువా" అన్నదో లేదో, ముందున కూర్చున్న సంఘపెద్ద చేయి ఎత్తి, "తలమీద గుడ్డ లేకుండ ప్రార్థన సేయకూడదు, కూసో" అన్నారు. ఆయన ఆ పిల్లకు స్వయముగా మేనమామ. పాప కూర్చున్నది. మరల లేవలేదు.

నేను బసకు వచ్చి, ఆ పెద్ద చెప్పిన ఆజ్ఞకు మూలమేదో చూచినాను. అది పౌలు కొరింథు పట్టణపు సంఘమునకు వ్రాసిన మొదటి లేఖలో పదునొకండవ అధ్యాయమున ఉన్నది. క్రీస్తుశకము 50వ దశాబ్దపు నడుమ వ్రాసిన లేఖ అది. కొరింథు నాడు రోమకుల వలసపట్టణము. జూలియస్ సీజరు క్రీస్తుపూర్వము 44లో దానిని తిరిగి నిలిపినాడు. రోమకులు బలి అర్పించునప్పుడు పురుషుడు తన పైవస్త్రపు అంచును తలమీదికి లాగికొనెడివాడు. గ్రీకులు బలివేళ తల కప్పెడివారు కారు. వివాహితలగు యూదుస్త్రీలు తల కప్పుకొనెడివారు. ఈ ముగ్గురును ఒక్కచోట కూడిన సంఘమునకు పౌలు చెప్పినది రెండు వైపుల మాట: పురుషుడు ప్రార్థనలో తల కప్పుకొనరాదు, స్త్రీ కప్పుకొనవలెను.

ఇందు మొదటి సగమును గురించి మనవారు వాదింపగా నేను వినలేదు. రుమాల విప్పుట మనదేశమున చిన్న సంగతి కాదు. నిన్నమొన్నటివరకు మాల మాదిగ పేటలలోని పురుషుడు ఊరి పెద్దల ఇండ్లముందు నడచునప్పుడు తలగుడ్డ విప్పి చంకన పెట్టుకొనవలసిన ఊళ్ళు ఎన్నియో ఉండెను. రుమాల నెత్తిన నిలుపుకొనుటయే అతని గౌరవము. అట్టి పురుషుడు ఆలయమున దానిని తనంతట తానే విప్పి ఒడిలో పెట్టుకొనుచున్నాడు. ఆ గ్రామములో ఒక ముసలాయన దానిని నాలుగు మడతలు పెట్టి, మోకాటిమీద నుంచి, దానిమీద బైబిలు పెట్టుకొన్నాడు. ఎవరును ఆయనను విప్పుమని చెప్పలేదు.

రెండవ సగమునకు వత్తము. పౌలు మాట నోరు మూసికొని కూర్చున్న స్త్రీని గురించినది కాదు. ప్రార్థన చేయు స్త్రీ, ప్రవచించు స్త్రీ, అనగా సభలో నోరు తెరచి పలుకు స్త్రీ తల కప్పుకొనవలెనని ఆ మాట. అదే లేఖలో పదునాల్గవ అధ్యాయమున స్త్రీలు సంఘములో మౌనముగా ఉండవలెనని మరియొక మాట కలదు. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటకు పండితులు నేటికిని తంటాలు పడుచున్నారు. ఆ తగవులోనికి నేను దిగను. పదునొకండవ అధ్యాయములోనే మరియొక విశేషము కలదు. స్త్రీ తలమీద ఉండవలసినదానిని చెప్పుటకు పౌలు వాడిన గ్రీకుమాటకు నేరుగా అర్థము "అధికారము" అని. అనువాదకులలో పెక్కుమంది దానికి "సూచన" వంటి మాటను చేర్చి, అది ఆమెమీద మరియొకరి అధికారమునకు గుర్తు అను భావము వచ్చునట్లు చేసినారు. మాటను ఉన్నదున్నట్లు తీసికొన్నచో, ఆమె తలమీదిది ఆమెకే అధికారము. ఈ అర్థమును ఒప్పుకొను పండితులును కలరు, ఒప్పనివారును కలరు. నాకు మాత్రము ఆ కోడలు నిలువబడిన తీరు చూచిన తరువాత ఇదియే సరియని తోచినది.

రోమునగరమున భూగర్భములో ప్రిస్కిల్ల పేరిట తొలినాటి క్రైస్తవుల సమాధిగుహలు కలవు. అందొక గోడమీద 3వ శతాబ్దపు చిత్రము ఒకటి ఉన్నది. నడుమ ఒక స్త్రీ, తలమీద ముసుగు, రెండు చేతులును పైకెత్తి ప్రార్థించుచున్నది. కన్నులు తెరచి పైకి చూచుచున్నట్లుండును. దాని ప్రతిని పుస్తకములలో చూచినవారికి ఆ గ్రామపు అవ్వ క్రొత్తగా కనబడదు.

ముసుగును గురించి తగవు అంతకుముందే పుట్టినది. 3వ శతాబ్దపు ఆరంభమున కార్తేజి నగరమున టెర్టూలియను అను గ్రంథకర్త, పెండ్లికాని కన్నెలును ముసుగు వేసికొనవలెనని ఏకముగా ఒక గ్రంథమే వ్రాసినాడు. పెండ్లియైనవారు కప్పుకొనుచుండగా కన్నెలు కప్పుకొనకుండుట అక్కడ కొందరి వాడుక. కొరింథువారు తన నాటికిని కన్నెలకు ముసుగు వేయుచున్నారు గదా అని ఆయన సాక్ష్యము చూపినాడు. ఒక్క కన్ను విడిచి ముఖమంతయు కప్పుకొను అరబ్బు స్త్రీలనుగూడ మెచ్చుకొన్నాడు. ఆయనకు ఆ కన్నెలు ఏమి బదులు చెప్పిరో మాత్రము ఎక్కడను వ్రాసి లేదు.

తెలుగున ఈ లేఖ అచ్చులోనికి వచ్చినది 1818లో. విశాఖపట్టణమున లండన్ మిషనరీ సొసైటీవారు మొదలుపెట్టిన అనువాదపు పని నుండి తొలుత మూడు సువార్తలు 1812లో సీరాంపురమున అచ్చుపడినవి; క్రొత్త నిబంధన మొత్తము 1818లో మద్రాసున వెలువడినది. ఆ సొసైటీవారే 1810లో బళ్ళారిలో దిగినారు. జాన్ హ్యాండ్స్ అను ఆయన అక్కడ కన్నడమున బైబిలు అనువాదమునకు పూనుకొన్నాడు. ఆదోని సీమ ఆనాడు వారి ఎల్లలోనిది. ఆ మిషను సంఘములు 1908లో దక్షిణభారత ఐక్యసంఘములోను, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘములోను కలిసినవి. నేడు ఆదోనిలోను, ఎమ్మిగనూరులోను వేరువేరు శాఖలవారి ఆలయములు ఉన్నవి. కొంగు విషయమున వారి పట్టుదలలును వేరువేరు.

మన తెలుగు బైబిలులో ఈ వస్త్రమునకు వాడిన మాట "ముసుకు". చిత్రమేమనగా, ఆ గ్రామములో నేను మాటలాడిన స్త్రీలలో ఒక్కరును ఆ మాట పలుకలేదు. "సెరగు ఏసుకో" అనుటయే. ముసుగు అన్నది తెలుగున అంత మంచి పేరు తెచ్చుకొన్న మాట కాదు. ముసుగులో గుద్దులాట అందుము; సోమరి ముసుగు తన్ని పండుకొన్నాడందుము. కొంగు అన్న మాట అట్లుకాదు. బిడ్డ కన్నీరు తుడుచునది కొంగు, డబ్బు ముడివేయునది కొంగు, పెండ్లిలో వరునితో ముడిపడునది కొంగు. వెలుపలినుండి తెచ్చి కప్పినది కాక కట్టుకొన్న చీరలో భాగమే గనుక, ఇంగ్లండులో టోపీకి వచ్చిన గతి ఇక్కడ కొంగుకు రాలేదు. ఇంగ్లండున ఒకప్పుడు స్త్రీ ఆలయమునకు పోవలెనన్న టోపీ కొనవలసియుండెను. యుద్ధకాలమున బట్టలకు కూపనులు వచ్చినప్పుడు, 1942లో కాంటర్‌బరీ, యార్కు ఆర్చిబిషపులు టోపీ లేదని ఏ స్త్రీయు ఆలయమునకు రాక మానవలదని ప్రకటింపవలసి వచ్చినది. పేద స్త్రీని గుమ్మము వెలుపల నిలిపినది విశ్వాసమా, టోపీ వెలయా?

పెండ్లికూతురి తెల్లని వలముసుగు సంగతి వేరు. మన తెలుగు క్రైస్తవుల పెండ్లిండ్లలో తెల్లచీర మీద ఆ వలముసుగు వేయుదురు. అది పౌలు చెప్పినది కాదు. విక్టోరియా రాణి 1840లో తెల్లదుస్తులతో పెండ్లాడిన తరువాత యూరపున ప్రబలిన వేడుకనుండి అది మనకు వచ్చినది. ఎమ్మిగనూరులో ఒక తల్లి నాతో, "తెల్లచీర కట్టి, మీద వల కప్పితే మా అత్త ఏడిసింది, ఇది ముండమోపి గుడ్డ అని" అన్నది. తరువాత చీరకు జరీఅంచు వేయించి ఆ అత్తను ఓదార్చినారట.

రోమన్ కాథలికులలో ఇది ఒకప్పుడు చట్టము. 1917 నాటి సంఘధర్మశాస్త్రమున 1262వ సూత్రము స్త్రీలు ఆలయమున, ముఖ్యముగా ప్రభువు బల్లయొద్దకు వచ్చునప్పుడు, తల కప్పుకొనవలెనని శాసించినది. 1976లో రోమునుండి వెలువడిన ఒక ప్రకటన ఇది ఆనాటి ఆచారమనియు, నేడు విధి కాదనియు తేల్చినది. 1983 నాటి క్రొత్త శాస్త్రములో ఆ సూత్రమే లేదు. చట్టము పోయినను మన పల్లెలలో కొంగు పోలేదు. కలకత్తాలో మదర్ థెరీసా 1948లో నీలియంచు తెల్లచీర కట్టి, దాని కొంగునే కన్యస్త్రీల ముసుగుగా చేసికొన్నది. అదియు ఈ కొంగు బలమే.

గోదావరి ప్రాంతమున నరసాపురము చేరిన బ్రదరన్ మిషనరీల సంఘములలోను, పంజాబున సిక్కుల ఇంట పుట్టి 2000 సంవత్సరమున హైదరాబాదులో కన్నుమూసిన భక్తసింగుగారి సంఘములలోను తల కప్పుకొనుట గట్టి నియమము. పట్టణములలోని పెద్ద ఆలయములలో మాత్రము సగముమంది వేసికొందురు, సగముమంది వేసికొనరు. చున్నీ లేని పిల్ల చేతిరుమాలు తీసి నెత్తిన పరచుకొనుట చూచుచున్నాము. చీరల బట్ట మారుటయు ఒక కారణమే. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకారసంఘము వలన ఎమ్మిగనూరు పేరు నేతకు ప్రసిద్ధమైనది. ఆ ఊరి నూలుచీర నెత్తిన వేసినచో వేసినచోటనే నిలుచును. మిల్లు పాలియెస్టరు అట్లుకాదు, జారును. ప్రార్థన ముగియులోపల స్త్రీలు నాలుగుమార్లు కొంగు సర్దుకొనుట చూచితిని. అవ్వది నూలుచీర, ఆమె చేతులు కదలలేదు.

ఆ సాయంకాలము సంఘపెద్దను అడిగినాను. ఆయన మంచివారు, కోపించలేదు. "మా నాయన అట్లే సెప్పినాడు, నేనట్లే సెప్తి" అన్నారు. పౌలు అక్కడ స్త్రీ పలుకుటను ఆపలేదు గదా, మీరు గుడ్డ కొరకు పలుకునే ఆపితిరి గదా అంటిని. కొంతసేపు ఊరకుండి, "గుడ్డ లేకుంటే ఎట్లమ్మా? ఈ పొద్దు ఆ పాపను ఇడిస్తే, రేపు అందరూ ఇడుస్తారు" అన్నారు. ఆయన భయమును నేను తేలికగా త్రోసివేయలేను. రుమాలకు, సెరగుకు ఆ పేటవారు చెల్లించిన వెల ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. అయినను రెండు సగముల ఆజ్ఞలో ఒక సగమును ఆడపిల్ల నోటికి తాళముగా వాడుట నాకు సమ్మతము కాలేదు. ఆ మాట ఆయనతోనే చెప్పినాను. తూర్పున నంద్యాల అధ్యక్షమండలమునకు 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలితగారు బిషపుగా అభిషిక్తురాలైనారనియు, దక్షిణ ఇండియా సంఘమున ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆమెయే యనియు గుర్తుచేసినాను. "ఆయమ్మ మన జిల్లా ఆయమ్మే" అని ఆయన ఒప్పుకొన్నారు. నంద్యాల అప్పటికి కర్నూలు జిల్లాలోనిదే.

అవ్వ అరుగుమీద కూర్చుండి మా మాటలు వినుచుండెను. "నా నెత్తి గుడ్డ సగము దానిమీద ఏసింటే సరిపోయిండు. ఆ పొద్దు నాకు తోసలేదు" అన్నది. తోచని సంగతి ఆమెను బాధించుచుండెను, రెండుమార్లు అన్నది.

రాత్రి భోజనములైన పిమ్మట తిరుగలి తెచ్చి వాకిట వేసినారు. ప్రార్థనను నేను రికార్డు చేయలేదు, అడుగుటకు మనసొప్పలేదు. పాటలు మాత్రము తీసికొన్నాను. అవ్వ ఎత్తుకొన్నది, కోడలు అందుకొన్నది, మూడవ చరణమునుండి కర్నూలు నర్సు పాప గొంతు కలిసినది. అందరి సెరగులును నడుములకు చెక్కబడియున్నవి. పాప చేతులు పిండితో తెల్లబడినవి. సంఘపెద్ద గడపమీద కూర్చుండి, రుమాల నెత్తిన చుట్టుకొని, తొడమీద తాళము వేయుచుండెను.